నల్లి, లద్దెపురుగుల గుర్తింపు మహోత్సవం

కుప్పయ్య ఎకరా చక్కెర దుంప పంటను నాశనం చేసింది ప్రభుత్వం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పురుగులు సాయం చేశాయి, అంతే.

ప్రభుత్వం ఏ పనైనా ప్రకటనతోనే మొదలుపెడుతుంది కాబట్టి మనమూ అక్కడే మొదలుపెట్టాలి. ఒక సోమవారం అన్ని పేపర్లలో మంత్రి గారి మాట వచ్చింది. "ఇకపై రాష్ట్రంలో గుర్తింపు లేని పురుగు ఉండదు. ముందు గుర్తిస్తాం, ఆ తరువాతే నిర్మూలిస్తాం. తొలి పురుగును నేనే స్వయంగా గుర్తిస్తాను." పురుగులకు ఇంత సూటిగా మాటిచ్చిన మంత్రి అంతకుముందు లేడు.

అదే సోమవారం పొద్దున వడమాలపేట దగ్గర, రోడ్డు పక్క చేలో, కుప్పయ్య బకెట్ పట్టుకుని వంగి ఉన్నాడు. చెరకు మాని చక్కెర దుంప వేయమని ఆఫీసర్లు చెప్పగా వేసిన పంట. దుంప బీట్‌రూట్‌కు అన్నలాంటిది, ఆకు పాలకూరకు చెల్లెలులాంటిది. ఆ ఆకుల అడుగున నూగు కప్పుకుని గుడ్ల గుంపులు కనిపించాయి. లద్దెపురుగు గుడ్లు. చేనంతా తిరిగి లెక్కపెట్టాడు. పదకొండు ఆకులు. ఆ పదకొండూ తుంచి కిరోసిన్ నీళ్లలో ముంచితే పంట దక్కుతుంది. ఆయన భార్య సుబ్బులమ్మ ఉన్నన్నాళ్లూ వేరుశనగలో అలాగే చేసింది. ఆ బకెట్ కూడా ఆమెదే. బావి గట్టు మీద పడి ఒక పక్క సొట్టపోయింది. పిడి ఊడితే ఆమే రాగి తీగ చుట్టింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. తీగ వదులు కాలేదు.

మొదటి ఆకు మీద చెయ్యి వేశాడో లేదో రోడ్డు మీద జీపు ఆగింది. వ్యవసాయ అధికారి రవిచంద్ర దూకినట్టే దిగాడు. వెనకే ట్యాబ్ పట్టుకుని గ్రామ వ్యవసాయ సహాయకురాలు హేమశ్రీ.

"ఆగండి! ముట్టుకోవద్దు!"

"పురుగు గుడ్లు సార్."

"అందుకే వద్దంటున్నా. మంత్రి గారు గుర్తించాల్సినవి ఇవే."

"ఆయన గుర్తించేదేంది సార్? నేను గుర్తించినాను గదా."

"మీది అనధికార గుర్తింపు."

రవిచంద్ర ఓపికగా వివరించాడు. మంత్రి గారు గురువారం తిరుమలలో దర్శనం చేసుకుని ఈ దారినే చెన్నై వెళ్తారు. కారు దిగితే చేను. బూటుకు మట్టి అంటదు. ఇలాంటి అదృష్టం జిల్లాలో ఏ పురుగుకూ పట్టలేదు.

"గురువారానికి ఇవి పిల్లలైతాయి సార్."

"అవ్వాలి కదయ్యా! గుడ్డు ఫోటోలో ఏం పడుతుంది?"

బకెట్‌కు చీటీ కట్టారు. చీటీ మీద "అనధికార నిర్మూలన సాధనం" అని రాశారు. బకెట్‌ను జీపెక్కించారు. చేలో బోర్డు నాటారు: "ఈ పురుగులు ప్రభుత్వ పరిశీలనలో ఉన్నవి."

గురువారం మంత్రి గారికి పార్టీ మీటింగ్ పడింది. పై గురువారం దర్శనం టికెట్లు కుదరలేదు. పురుగులు మాత్రం క్రమశిక్షణ తప్పలేదు. వేలెడంత పెరిగాయి. హేమశ్రీ రోజూ వచ్చి ఒక సాలులో హాజరు తీసి పైకి పంపేది. "నాలుగు వందల పన్నెండు సార్, అందరూ వచ్చినారు" అని ఫోన్లో చెప్పేది.

ఒకరోజు నాలుగు వందల పదకొండే తేలాయి.

"తాతా, ఒకటి తగ్గింది. నువ్వేమన్నా చేసినావా?"

కుప్పయ్య చెప్పు కాలు కొంచెం వెనక్కి జరిపాడు. "లేదు పాపా."

"సార్ అడిగితే ఏం చెప్పేది?"

"సెలవు పెట్టిందని చెప్పు."

హేమశ్రీ ట్యాబ్‌లో సెలవు అని రాసింది. అది మంజూరైంది.

రెండో వారంలో పురుగు వదిలేసిన ఆకులు కూడా పాలిపోయాయి. అడుగున సన్నటి గూడు. కుప్పయ్య ఆఫీసు వాళ్లు పంచిన గుర్తింపు మహోత్సవం ఆహ్వాన పత్రిక తిప్పి, తెల్లటి పక్క మీద ఒక ఆకు దులిపాడు. ఎర్రటి చుక్కలు పడ్డాయి. చూస్తుండగానే చుక్కలు నడిచాయి.

"ఎర్రనల్లి పాపా. పంపు పెట్టి ఆకు అడుగున నీళ్లు కొట్టి, గంధకం చల్లితే అణిగిపోతాది. అదన్నా చేసుకోనీ."

హేమశ్రీ వంగి చూసింది. ఆమెకు జాలేసింది. కానీ ట్యాబ్‌కు జాలి లేదు. "దీనికి ఎన్ని కాళ్లు తాతా?"

"ఎనిమిది."

"ఫారంలో ఆరు దాకనే ఉండాది."

ఆమె రవిచంద్రకు ఫోన్ చేసింది. ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఒకే కారు దిగడంలో రెండు గుర్తింపులు! "ఆరు కాళ్లకు రాసెయ్యమ్మా. మిగతా రెండూ వచ్చే బడ్జెట్‌లో చూద్దాం." సాయంత్రానికి చేను ముందు కట్టిన మహోత్సవం ఫ్లెక్సీలో లద్దెపురుగు ముందు నల్లి వచ్చి చేరింది. అందులో నల్లి మంత్రి గారి తలంత ఉంది.

ఇరవై రెండో రోజు మంత్రి గారి రాక ఖాయమైంది. పొద్దున్నే వచ్చిన రవిచంద్ర చేను చూసి గుండె పట్టుకున్నాడు. ఆకు లేదు. తొడిమలు నిలబడి ఉన్నాయి. పురుగూ లేదు.

"పురుగులేవి?"

"కడుపు నిండింది సార్. మట్టిలోకి పోయి పండుకున్నాయి. ఇంగ రెక్కలొచ్చినాకనే లేసేది."

"పదకొండుకు మంత్రి గారు వస్తున్నారయ్యా!"

"లేపుకోండి."

ఇలాంటప్పుడే అధికారి సత్తా తెలుస్తుంది. గంటలో తిరుపతి రైతుబజారు నుంచి పాలకూర కట్టలు దిగాయి. పుత్తూరు పక్క ఆముదం చేలోంచి టిఫిన్ క్యారియర్లో లద్దెపురుగులు దిగాయి. పాలకూరను దారంతో తొడిమలకు కట్టారు. పురుగులను ఒక్కొక్కటిగా పైన కూర్చోబెట్టారు. కుప్పయ్య చేను మూడు వారాల తరువాత పచ్చగా కనిపించింది.

మంత్రి గారు నుదుట తాజా నామంతో దిగారు. భూతద్దం అందుకుని వంగారు. కెమెరాలూ వంగాయి.

"ఇది..." అన్నారాయన.

"లద్దె..." అని రవిచంద్ర గొణిగాడు.

"లద్దెపురుగు!"

చప్పట్లు. "మరి నల్లి ఏది?" అంటూ మంత్రి గారు ఇంకా వంగారు. నామం మధ్యలోని ఎర్ర గీత నుంచి చిటికెడు పొడి ఆకు మీద రాలింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇదిగో! ఎర్రనల్లి!"

ఈసారి చప్పట్లకు పాలకూర కట్టు ఒకటి ఊడిపడింది.

"సంతోషమేనా పెద్దాయనా?" అని మంత్రి గారు అడిగారు. కుప్పయ్య నోరు తెరిచాడు.

"ఆనందంతో మాట రావడం లేదు సార్" అన్నాడు రవిచంద్ర.

పది రోజులకు సర్వే జరిగింది. చక్కెర దుంప వేసిన చేలన్నిటిలో పురుగు ఒక్కటీ కనిపించని చేను ఒకటే తేలింది. కుప్పయ్యది. తొడిమ కూడా ఎండిపోయిన చేలో పురుగుకు ఏం పని? ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు. ఉత్తమ రైతుగా ఆయన్ను తిరుపతికి పిలిపించారు.

సభ నిండుగా ఉంది. మంత్రి గారు మైకు ముందు గొంతు సవరించుకున్నారు. "మా శాఖ సుదీర్ఘ పరిశోధన ఫలితంగా కొత్త విధానం కనిపెట్టాం. గుడ్లు పెట్టిన ఆకులను మొదటి రోజే తుంచి కిరోసిన్ నీళ్లలో ముంచాలి! ఇందుకోసం బకెట్ పథకం ప్రారంభిస్తున్నాం. తొలి బకెట్ మన కుప్పయ్య గారికి!"

నీలం రంగు బకెట్. దాని మీద మంత్రి గారి బొమ్మ స్టిక్కరు. స్టిక్కరు ఒక పక్క సరిగా అంటలేదు. అక్కడ మంత్రి గారి చెంప లోపలికి పోయి ఉంది.

కుప్పయ్య పిడి పట్టుకున్నాడు. ఇంకా ఆరని రంగు కింద వేళ్లకు తీగ చుట్లు తగిలాయి. ఒకటి, రెండు, మూడు.

"ఈ విజయం ఎలా సాధించారో రైతులకు రెండు ముక్కలు చెప్పండి" అంటూ రవిచంద్ర మైకు అందించాడు.

కుప్పయ్య హాలు వైపు చూశాడు. ముందు వరసలో హేమశ్రీ ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది.

"పదకొండు ఆకులు" అన్నాడు.

హాలు ఎదురుచూసింది.

"అంతే. ఇంగ ఈ సంగతి నా నోట రాదు. నేను చచ్చేదాకా రాదు."

బకెట్ తీసుకుని మెట్లు దిగాడు.