చప్టా మీద ఐక్యతా మత్స్యం

పక్కపక్కనే బతుకుతున్నంత మాత్రాన మనుషులు కలిసి ఉన్నట్టు కాదని, అందుకు తగిన ఆధారం దాఖలు చేయవలసి ఉంటుందని, మా నెల్లూరు తీరవాసులకు ఈ వేసవిలో తెలియజేయడమైనది.

తెలియజేసినది తీరప్రాంత సముదాయ కళా సమైక్య మండలి. వీరు ఇందుకూరుపేట వైపు సముద్రం ఒడ్డున పరిశీలన జరిపి, అక్కడొక జాలర్ల పాళెం, ఉప్పుకాలువకు అవతల ఒక కాలనీ ఉన్నాయని, రెండూ వెనకబడినవేనని, కానీ విడివిడిగా వెనకబడి ఉన్నాయని కనిపెట్టారు. కళ ద్వారా వాటిని ఏకం చేయడానికి రెండో శ్రేణి సమైక్యతాధికారి నరేంద్రబాబు గారిని పంపారు. (మొదటి శ్రేణి అధికారి ఇప్పటికే ఏకమైన వాళ్ళ ఫొటోలు చూసుకుంటారట.)

నేను ఆ పాళేనికి కిలోమీటరు దూరంలో, వరి పండే ఊళ్ళో ఉంటాను. బీకాం చదివి ఇంట్లో ఉన్నందువల్ల చుట్టుపక్కల ఫారాలన్నీ నా వసారాకే వస్తాయి. పాళెం కామమ్మ ఇరవై ఏళ్ళుగా నాకు నెత్తళ్ళనే చిన్న ఎండు చేపలు పోస్తుంది, ఆమె ఫారాలు నేను నింపుతాను. నెత్తళ్ళలో ఇసుక ఉంటే నేను ఊరుకోను. ఫారం వెనక్కి వస్తే ఆమె ఊరుకోదు.

పాళేనికీ కాలనీకీ మధ్య ఒక సిమెంటు చప్టా ఉంది. తూర్పు సగంలో పాళెం ఆడవాళ్ళు సముద్రం చేపలు, పడమటి సగంలో కాలనీ ఆడవాళ్ళు కాలువలో పట్టిన రొయ్యలు ఎండబెట్టుకుంటారు. కాకులు తోలడానికి రోజూ ఇద్దరు కూర్చోవాలి, పాళెం నుంచి ఒకరు, కాలనీ నుంచి ఒకరు. దీన్ని కాకివంతు అంటారు. ఒక్కరినే కూర్చోబెడితే తమ సగంలో కాకుల్నే తోలుతారని పూర్వం ఎవరో అనుమానపడ్డారు. ఆ అనుమానం పుణ్యమా అని ముప్పై ఏళ్ళుగా ఇద్దరేసి ఆడవాళ్ళు పొద్దస్తమానం ఒకే తాటాకు నీడన కూర్చుంటున్నారు. కామమ్మ మోకాలినొప్పి సంగతి ఆమె మొగుడికన్నా ముందు కాలనీ రెబెక్కమ్మకే తెలుసు.

అయితే చప్టా పగుళ్ళిచ్చింది. బాగుచేయమని ఆరేళ్ళుగా ఆరు అర్జీలు నేనే రాశాను. మండలి వారి పద్దుల్లో చప్టా అనే మాట లేదు గానీ, 'బహిరంగ కళావేదిక పునరుద్ధరణ' ఉంది. కామమ్మకు ఆశ పుట్టింది.

నా వసారాలో ప్రాథమిక సర్వే జరిగింది. నరేంద్రబాబు గారు ఫోనులో యాప్ తెరిచి మొదటి ప్రశ్న చదివారు.

"కార్యక్రమానికి ముందు రెండు సముదాయాల వారు వారానికి ఎన్నిసార్లు కలుసుకునేవారు?"

"దినామూ," అంది రెబెక్కమ్మ. "ఈమె మొగం చూడని దినం ఒకటుంటే గదా!"

"నా మొగానికేం తక్కువైందే నీకు?" అంది కామమ్మ.

నరేంద్రబాబు గారు 'రోజూ' నొక్కారు. 'మీ ప్రాంతం అర్హమైనది కాదు' అని ఎర్రగా వచ్చింది.

"చూడండమ్మా," అన్నారాయన ఓపిగ్గా, "మీరు కలిసే ఉంటే ఇంక కలపడానికేముంది? కలపడానికేమీ లేకపోతే సిమెంటు ఎక్కడి నుంచి తెచ్చేది?"

కామమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అట్టయితే సున్నా ఏసుకో సారూ. సముద్రంలో చేపల ఏట ఆపమన్న రెణ్ణెల్లు అయిపోవస్తా ఉండాది. పడవలు దిగే లోపల మాకు చప్టా కావాల. నువ్వు సున్నా ఏస్తే మేం మాట్టాడుకునేది మానతామా యేంది?"

నాకు తప్పు అంకె అంటే ఒళ్ళు మంట. అయినా సున్నా పక్కన సాక్షిగా సంతకం చేశాను.

మండలి మాట తప్పలేదు. పది రోజుల్లో చప్టా అద్దంలా తయారైంది. కామమ్మ దాని మీద అరచేత్తో రాసి చూసి, "ఇంక నెత్తళ్ళలో ఇసక అని నన్ను సాధించలేవులే అమ్మణ్ణీ," అంది.

మర్నాడు చిత్రకారుడు దిగాడు.

చప్టా మొత్తం పరుచుకునేలా నీలం, నారింజ రంగుల్లో ఒక చేప వెలిసింది. డ్రోను నుంచి చూస్తేనే అది చేప. నేల మీది నుంచి చూసేవారికి రంగు మాత్రమే మంజూరైంది. ప్రజా భాగస్వామ్యం కింద ఆడవాళ్ళను పిలిచి, ఫోనులో డ్రోను ఫొటో చూపించి, అభిప్రాయం అడిగారు.

"ఇది చందువా కాదు, వంజరమూ కాదు," అంది కామమ్మ. "ఏం చేప సారూ ఇది?"

"ఐక్యతా మత్స్యం," అన్నాడు చిత్రకారుడు.

"కళ్ళకి రెప్పలు పెట్టినాడు చూడక్కా," అంది రెబెక్కమ్మ. "చేప యాడైనా రెప్పేస్తాదా?"

"ఇట్టాంటిది వలలో పడితే దణ్ణం పెట్టి మళ్ళీ నీళ్ళలోకే ఇడిసేస్తాం," అంది కామమ్మ. (నివేదికలో దీన్ని 'స్థానికులు చిత్రాన్ని భక్తితో స్వీకరించారు' అని నమోదు చేశారు.)

జూన్ మధ్యలో పడవలు దిగాయి. నెత్తళ్ళు గంపలకొద్దీ వచ్చాయి. కామమ్మ మొదటి గంప చప్టా మీద గుమ్మరించగానే మండలి కాపలావాడి విజిల్ వినిపించింది. కళాఖండంపై కళాఖండం కానిదేదీ ఉంచరాదని పద్నాలుగో నిబంధన.

నేను నిబంధనలు పూర్తిగా చదివే మనిషిని. కళాఖండం కానిది ఉంచరాదంటే, కళాఖండమైనది ఉంచవచ్చు. ఆ రాత్రే నెత్తళ్ళను 'తాత్కాలిక స్థాపనా కళ'గా గుర్తించమని దరఖాస్తు పెట్టాను. రెండు రోజుల్లో అనుమతి వచ్చింది. షరతు ఒకటే. మండలి న్యాయనిర్ణేతలు చూసే వరకు అమరికను కదిలించరాదు. ఆ రోజు పడిన మూడు గంపలు కామమ్మ చప్టా మీద పరిచింది.

తిరగేయకుండా ఎండే నెత్తలి ఇంకా సముద్రంలో పుట్టలేదు. రెండో రోజుకి అడుగువైపు మెత్తబడింది. మూడో రోజు న్యాయనిర్ణేతలు వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఇది కంటితో పాటు ఇతర ఇంద్రియాలనూ కదిలిస్తోందని మెచ్చుకుని, ప్రోత్సాహక బహుమతి ప్రకటించారు. పత్రం అందుకున్నాక కామమ్మ మూడు గంపల నెత్తళ్ళను గుంట తీసి పూడ్చింది. మళ్ళీ దరఖాస్తు పెడతానంటే నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

తర్వాత పాళెం ఆడవాళ్ళు ఎవరి మిద్దె మీద వాళ్ళు, కాలనీ ఆడవాళ్ళు రోడ్డు వారన ఎండబెట్టుకోసాగారు. ఎవరి కాకులు వాళ్ళవి. కాకివంతు అవసరం లేకపోయింది. నాకొచ్చిన నెత్తళ్ళలో ఇసుక ఉంది. ఈసారి నేనే కడుక్కున్నాను.

సెప్టెంబరులో నరేంద్రబాబు గారు ముగింపు సర్వేకు వచ్చారు. కామమ్మ, రెబెక్కమ్మ నా వసారాలో చెరో మూల కూర్చున్నారు.

"బక్కచిక్కినావేందే?" అని అడిగింది కామమ్మ.

"మనవడు నిద్రపోనిస్తే గదా."

"మనవడా! కోడలు ఎప్పుడు కనిందే?"

"నలభై దినాలయింది."

"నలభై దినాలా? నాకెవురూ చెప్పలా!"

"నువ్వు యాడ కనపడితివక్కా, చెప్పేదానికి?"

నరేంద్రబాబు గారు ఫోను నా ముందు పెట్టి సంతకం చేయమన్నారు. కార్యక్రమానికి ముందు ఎన్నిసార్లు కలిసేవారు అన్న గడిలో సున్నా ఉంది. తర్వాత అన్న గడిలో 'రోజూ' అని ఆయనే నింపుకుని వచ్చారు.

"తప్పులేమైనా ఉంటే చెప్పండి మేడమ్, మీరు పట్టింపు మనిషని విన్నాను," అన్నారు.

రెండుసార్లు చదివాను. రెండు జవాబులూ సరైనవే. గడులే తారుమారయ్యాయి.