పది గంటల సభ

1959 ఆగస్టులో ఒక సోమవారం ఉదయం జీవానందం గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గూడూరు వెళ్ళాలి, కోర్టులో నిజం చెప్పాలి, వస్తూ స్టేషను దగ్గర కాఫీ తాగాలి. చిల్లకూరు దగ్గర పల్లెలో బడి అయ్యవారుగా చేసి రిటైరైన ఆయన, మూడేళ్ళుగా ఆ ఊరి నిమ్మరైతుల సంఘానికి అధ్యక్షులు. పెన్షను కన్నా, భార్య రెబెక్కమ్మ వండే చేపల పులుసు కన్నా ఆయనకు ప్రాణం సంఘం ఆఫీసులోని చేతుల కుర్చీ.

కోర్టు పని ఇదీ. హజరత్తయ్య మేకలు, సంఘంలో లేని చిన్నపోలయ్య తోటలో పడి నిమ్మ అంట్లన్నీ మేసేశాయి. కళ్ళారా చూసింది జీవానందం గారొక్కరే. చిన్నపోలయ్య వకీలు వచ్చి, "మీరు డిపోజ్ చెయ్యాలండీ" అని ఇంగ్లీషులో అనేసరికి ఆయన నిఘంటువు తీశారు. ప్రమాణం చేసి సాక్ష్యమివ్వడం అని ఒక అర్థం, గద్దె దించడం అని ఇంకొకటి కనిపించాయి.

"రెండోది రాజులకులే," అన్నారు రెబెక్కమ్మతో. "మనకు మొదటిది చాలు."

సాక్ష్యమంటే ఎలా ఉండాలో నలుగురూ చూడాలి కదా. హజరత్తయ్య కూడా సంఘం సభ్యుడే. అతను పోగా మిగిలిన ఆరుగురు సభ్యులనూ ఇంటింటికీ వెళ్ళి పిలిచి, అందరినీ వెంటబెట్టుకుని బస్సెక్కారు.

బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసి ఆయన పాఠం చెప్పినట్టే చెప్పారు. మార్చి పద్నాలుగు, శనివారం, ఉదయం పది గంటల అయిదు నిమిషాలు. పదకొండు మేకలు, అందులో ఒకటి కుంటిది. ఆరుగురు సభ్యులూ తలలూపారు.

హజరత్తయ్య తరఫు వకీలు లేచి ఒక పుస్తకం తెరిచాడు. అది సభల తీర్మానాలు రాసే సంఘం మినిట్సు పుస్తకం. దాన్ని తెచ్చిన గుమాస్తా మునెయ్య మూల నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"అదే రోజు పది నుంచి పన్నెండున్నర దాకా సంఘం సభ జరిగిందని ఇందులో ఉంది. అధ్యక్షత మీది. మా హజరత్తయ్య గారి సంతకం కూడా ఉంది. ఇంతకీ మీరు తోటలో ఉన్నారా, సభలో ఉన్నారా?"

మా వైపు సంఘాల్లో సభ జరిగే తీరు వేరు. గుమాస్తా తీర్మానాలన్నీ ముందే రాసుకుని సైకిలు మీద ఇంటింటికీ తిరుగుతాడు. ఒకరు గడ్డం గీసుకుంటూ, ఒకరు గేదెను కడుగుతూ సంతకం పెడతారు. ఇది అబద్ధమని మాకెవరికీ ఎన్నడూ తోచలేదు. కుర్చీ మీద అంత మమకారమున్న మనిషి ఈ సంగతి బయటపెట్టడని హజరత్తయ్య ధీమా.

జీవానందం గారు మొదట సభ పెందలాడే ముగిసిందన్నారు. పన్నెండున్నర అని రాసుందే అన్నాడు వకీలు. అయితే సభ తోటలోనే పెట్టామన్నారు. అలాగైతే మేకల్ని సభ్యులంతా చూసి ఉండాలి, ఇక్కడే ఉన్నారు కనక ఒక్కొక్కరినీ బోనెక్కిద్దామన్నాడు వకీలు. ఆరుగురూ నేలచూపులు చూశారు. జీవానందం గారికి సిగ్గేసింది. ముప్పై ఏళ్ళు పిల్లల్ని అబద్ధాలాడినందుకే బెంచీ ఎక్కించిన మనిషి ఆయన.

"సభ జరగలేదండీ," అన్నారు. "ఆ రోజే కాదు, మూడేళ్ళలో ఒక్కటీ జరగలేదు. నేను సంతకాలకు అధ్యక్షుణ్ణి, అంతే. వీళ్ళని పిలుచుకొచ్చింది కూడా నేనే."

చిన్నపోలయ్య కేసు గెలిచాడు. తిరుగు బస్సులో సభ్యులెవరూ అయ్యవారి పక్కన కూర్చోలేదు. వారం తిరక్కుండా హజరత్తయ్య నోటీసు పంపాడు. సంఘం పరువు తీసిన అధ్యక్షుణ్ణి తొలగించడానికి శనివారం పది గంటలకు సభ, ఈసారి అందరూ తప్పక రావాలి.

జీవానందం గారు నాలుగు పేజీల జవాబు రాసుకుని పావుగంట ముందే వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఎవరూ రాలేదు. ఆ రోజు గూడూరులో నిమ్మకాయలకు మంచి గిరాకీ. ఆయన పన్నెండున్నర దాకా చూసి, ఖాళీ బెంచీలకు రెండు పేజీలు చదివి వినిపించి, హుషారుగా ఇంటికొచ్చారు.

"కుర్చీ నిలబడినట్టే," అన్నారు రెబెక్కమ్మతో. "సభ లేదు, తొలగింపూ లేదు."

సాయంత్రం మునెయ్య సైకిలు దిగాడు. చంకలో పుస్తకం ఉంది.

"సభ పదింటికి మొదలై పన్నెండున్నరకు అయిపోయినట్టు రాసినాను అయ్యోరా. మిమ్మల్ని తీసేసినట్టు అందరూ సంతకాలు పెట్టేసినారు. అధ్యక్షులుగా తమరిదొక్కటే తక్కువ."

"రెండో అర్థం రాజులకని చెప్తిరే," అంది రెబెక్కమ్మ గుమ్మంలోంచి.

జీవానందం గారికి సభ జరగలేదని చెప్పడానికి మళ్ళీ కోర్టుకెక్కే ఓపిక లేదు. కాసేపటికి తన మీద తనకే నవ్వొచ్చింది.

"పెన్ను ఇటియ్యి మునెయ్యా. పదింటికి నేనక్కడే ఉన్నాను. కాదని ఎట్టా చెప్పేది?"

మూడేళ్ళలో ఆ పుస్తకంలో పడిన నిజమైన సంతకం అదొక్కటే.