కొనని బ్యాటరీ

కొనని బ్యాటరీని మించిన బ్యాటరీ ఈ లోకంలో లేదు. అది డిశ్చార్జి అవదు. దాన్ని మోసి ఎవరికీ నడుం పట్టదు. వారంటీ దాటిపోదు. అన్నిటికీ మించి, అది ఒక మనిషిని మే నుంచి ఆగస్టు దాకా పెద్దమనిషిగా నిలబెడుతుంది. నవ్వకండి. మా నార్బీ ఊళ్ళో జరిగిందే చెబుతున్నాను.

ఆర్లెన్ టోలెఫ్‌సన్ మా కౌంటీలో ముప్ఫై నాలుగేళ్ళు వంతెనల ఇన్‌స్పెక్టరుగా చేసి కిందటి జనవరిలో రిటైరయ్యాడు. మిన్నెసోటాలో వంతెన కిందకి దిగి చూడాలంటే మంచు కరిగాకే వీలవుతుంది. అందుకని ఆయన వేసవులన్నీ వంతెనల కింద గడిచాయి. ఆయన భార్య మార్లిస్ వేసవులన్నీ ఆయన ఎప్పుడొస్తాడా అని చూడడంలో గడిచాయి. ఇంటి పక్కన ఒక క్యాంపర్ ఉంది, అంటే కారు వెనక తగిలించుకుపోయే చిన్న చక్రాల ఇల్లు. ఒక అల్యూమినియం పడవ కూడా ఉంది. రెండింటినీ వాడింది తక్కువ, కడిగింది ఎక్కువ.

మార్లిస్ కోరిక ఒక్కటే. మా ఊరి సరస్సు ఉత్తరపు కొసన, కరెంటు లేని చోట, క్యాంపర్ ఆపుకుని వారం రోజులుండాలి. పొద్దున్నే చప్పుడు లేని చిన్న మోటారుతో పడవలో వెళ్ళి, లూన్ పక్షులు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఈదడం చూడాలి. ఆ పిల్లలు వీపెక్కేది జూన్ చివర, జూలై మొదట్లో. ఆ తరవాత ఎదిగిపోయి వాటి దారిన అవి మునకలేస్తాయి.

మే నెలలో చూస్తే పాత బ్యాటరీ చలికి గడ్డకట్టి పగిలి ఉంది. "దానికేముంది, కొత్తది తెస్తాను," అని ఆర్లెన్ జోయాన్ కొట్టుకి వెళ్ళాడు. ఎరలూ గేలాలూ పడవ సామానూ అమ్మే కొట్టు అది.

"పడవకా, క్యాంపర్‌కా?" అంది జోయాన్.

"రెండింటికీ. ఒకటే కొని అటూ ఇటూ మారుస్తాను."

"అయితే కారు బ్యాటరీ పనికిరాదు. అది ఒక్క తోపు తోసి ఊరుకుంటుంది. మీకు రోజంతా కొద్దికొద్దిగా ఇచ్చేది కావాలి. డీప్ సైకిల్ అంటారు. అందులో నీళ్ళు పోసేది ఇవ్వమంటారా, పొయ్యక్కర్లేనిదా, లిథియమా?"

ఆర్లెన్ గడ్డం గోక్కున్నాడు. "చూసి చెబుతాను," అన్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళు ఆయన ఏ వంతెన గురించైనా మొదట చెప్పిన మాట అదే. ఇంటికొచ్చి కొత్త నోటుబుక్కు తీశాడు.

చూడవలసినవి తక్కువేం లేవు. సీసం బ్యాటరీని, అంటే జోయాన్ చెప్పిన మొదటి రెండు రకాలని, సగానికి మించి వాడితే తొందరగా పాడవుతుంది. లిథియం అయితే దాదాపు చివరిదాకా పిండుకోవచ్చు, బరువు సగం కూడా ఉండదు. కానీ గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జి చెయ్యకూడదు. జూన్‌లో ఇక్కడ మంచు పడదని ఎవరైనా రాసిస్తారా? ఆర్లెన్ రాసివ్వలేకపోయాడు.

ఇక ఇంటర్నెట్‌లో కొన్నవాళ్ళ అభిప్రాయాలు. ఒకాయన అయిదు చుక్కలిచ్చి, "ఇంకా పెట్టె విప్పలేదు," అని రాశాడు. ఇంకొకాయన బ్యాటరీ రెండేళ్ళకే పోయిందని ఒక్క చుక్క ఇచ్చాడు. ఆర్లెన్ ఆయనకి రాసి, ఎలా పోయిందో కనుక్కున్నాడు. పడవ మునిగిందట.

క్యాంపర్‌లో నీళ్ళ పంపు ఎంత కరెంటు తాగుతుందో తేల్చడానికి, మార్లిస్ వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే వాచీ పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఆ ఫోర్కు ఇందాకే కడిగావు," అన్నాడు.

మార్లిస్ ఆ ఫోర్కునే తీసి మళ్ళీ కడిగింది.

ఇప్పుడు మా సంగతి చెప్పాలి. మా ఊరి కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర రోజూ పొద్దున్న ఆరుగురం కూర్చుంటాం. అందరం రిటైరైనవాళ్ళమే. జనవరి నుంచి ఆర్లెన్ ఏడోవాడు. నేను ఉత్తరాలు పంచినవాణ్ణి. బ్యాటరీల గురించి నాకు తెలిసింది టార్చిలైటు దాకా. అయినా లిథియం మీద పావుగంట మాట్లాడాను. పాల లారీ నడిపిన వెండెల్ సీసం తరఫున మాట్లాడాడు. ఆయన క్యాంపర్‌కి బ్యాటరీ మార్చేది ఆయన కోడలు, కానీ ఆ మాట అక్కడ ఎవరం ఎత్తలేదు.

"ఏం ఆర్లెన్, ఏది తేల్చావు?" అనేవాళ్ళం, ఆయన కుర్చీ లాక్కోకముందే. ఆయన తొందరపడేవాడు కాదు. కాఫీలో పాలు పోసుకునేవాడు. నోటుబుక్కు తెరిచేవాడు. ఆరుగురం ముందుకి వంగేవాళ్ళం. పక్క బల్లవాళ్ళు కూడా వంగేవాళ్ళు. ఒకరోజు హోటలామె కాఫీ పోసే కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెప్పండి, డబ్బా విప్పి బిగించేసిన బ్యాటరీ ఈ మర్యాద తెచ్చిపెట్టగలదా?

జూన్ వెళ్ళిపోయింది. జూలై నాలుగు స్వాతంత్ర్య దినం పండక్కి మార్లిస్ ఇక పట్టుబట్టింది, క్యాంపర్‌లో పడుకోవలసిందేనని. ఆర్లెన్ వంటింటి ప్లగ్గు నుంచి పొడుగు వైరు లాగి, ఇంటి ముందే నిలబెట్టిన క్యాంపర్‌కి కరెంటిచ్చాడు. ఇద్దరూ మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"గ్యారేజీ తలుపు ఇక్కణ్ణించి బాగా కనిపిస్తోంది," అంది మార్లిస్.

"వచ్చే వారంలో తేల్చేస్తాను."

"తొందరేం లేదులే. గ్యారేజీ ఎక్కడికీ ఎగిరిపోదు."

ఆగస్టు మొదటి సోమవారం ఆర్లెన్ కాఫీకి వచ్చాక ఆవిడ కారు తీసి జోయాన్ కొట్టుకి వెళ్ళింది. వెళ్ళి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అందులో పది నిమిషాలు జోయాన్ మనవరాలి ఫొటోలు చూడడానికే. ఆర్లెన్ ఇంటికొచ్చేసరికి బ్యాటరీ క్యాంపర్‌లో బిగించి ఉంది, మంచాల మీద దుప్పట్లు పరిచి ఉన్నాయి.

ఆయన వంగి దాన్ని అటూ ఇటూ చూశాడు. "ఎన్ని ఆంపియర్ అవర్లు?" అన్నాడు చివరికి.

"అడగలేదు."

"మరి ఏం అడిగావు?"

"ఇది పనిచేస్తుందా అని అడిగాను. చేస్తుందంది."

అరవై ఒక్క పేజీల నోటుబుక్కులో ఆ బ్యాటరీ పేరే లేదు. ఆయన మూడుసార్లు వెతికాడు. ఉత్తరపు కొసకి వెళ్ళే దారిపొడుగునా దానిలోని లోపాలు చెబుతూనే ఉన్నాడు. అక్కడికి వెళ్ళాక అది ఆయన మొహం చూడకుండా పని చేసింది. ఫ్రిజ్ చల్లగా ఉంది, దీపాలు వెలిగాయి. పొద్దున్నే దాన్ని పడవలోకి మారిస్తే మోటారు మెత్తగా తిరిగింది.

లూన్ పిల్లలు అప్పటికే ఎదిగిపోయాయి. తల్లికి దూరంగా వాటి చేపలు అవే పట్టుకుంటున్నాయి. మార్లిస్ బైనాక్యులర్స్ పెట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత వాటిని దింపి, పడవ రెండో చివర మొహం వేలాడేసుకున్న మనిషిని చూసింది.

"అంత పాడు బ్యాటరీనా అది?" అంది.

"బ్యాటరీ బాగానే ఉంది." ఆయన నీళ్ళలోకి చూస్తూ అన్నాడు. "మార్చిలో మిల్లు దగ్గర వంతెన మూసి బాగుచేశారు, తెలుసా? దాని కింద ప్రతి బోల్టూ నాకు తెలుసు. ఒక్కడూ ఫోన్ చెయ్యలేదు. నేను పేపర్లో చదివాను."

మార్లిస్ బైనాక్యులర్స్ మెళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"జనవరి నుంచి నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. ఇలా చెయ్యాలా, అలా చెయ్యాలా అని ఒక్కళ్ళు కూడా. ఈ బ్యాటరీ గొడవ వచ్చాక అడిగారు. రోజూ అడిగారు. కొనేస్తే ఏమడుగుతారు?" అని తనలో తనే నవ్వుకున్నాడు. "అరవై ఆరేళ్ళవాణ్ణి. సీసం డబ్బా పట్టుకుని వేలాడాను."

"నాకు తెలుసు," అంది మార్లిస్.

"ఎప్పటి నుంచి?"

"జూన్ నుంచి. అందుకే ఆగస్టు దాకా ఊరుకున్నాను. వచ్చే ఏడాది ఊరుకోను. నేను చూడాలనుకున్నవి ఈసారి ఎదిగిపోయాయి, ఆర్లెన్."

ఆయన తల ఊపాడు. పడవని మెల్లిగా రెల్లు వైపు తిప్పాడు. కాసేపటికి, "ఇటు వెళ్దామా, ఆ దీవి వైపా?" అని ఆవిడని అడిగాడు. ఆవిడ దీవి వైపు చెయ్యి చూపించింది. ఆ వారమంతా ఎటు వెళ్ళాలో ఆవిడనే అడిగాడట. ఇదంతా ఆయనే మాకు చెప్పాడు, సిగ్గుపడకుండా, నోటుబుక్కు లేకుండా.

చెప్పాక అందరం కాఫీ కప్పుల్లోకి చూసుకున్నాం. ఆర్లెన్ సంగతి తేలిపోయింది. ఇక ఆయన్ని అడగడానికి ఏమీ లేదు. నా కప్పు చూస్తుంటే నాకు గుర్తొచ్చింది, ఉత్తరం ఏ పెట్టెలో వెయ్యాలో నన్ను ఎవరైనా అడిగి తొమ్మిదేళ్ళయింది.

అప్పుడు వెండెల్ గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లో నీళ్ళు కాచే గీజర్ మార్చాలనుకుంటున్నాను. గ్యాసుదా, కరెంటుదా అని చూస్తున్నాను," అన్నాడు.

ఆరుగురం కుర్చీలు దగ్గరికి లాక్కున్నాం.