చైనా హ్యామ్‌స్టర్‌కు తగిన తిండి, ఆటవస్తువులు

ప్రతి ఆఫీసులోనూ ఒక చైనా హ్యామ్‌స్టర్ ఉండి తీరాలి. మంచినీళ్లు లేకపోయినా సర్దుకుపోవచ్చు, కిటికీ తెరుచుకోకపోయినా ఓర్చుకోవచ్చు, హ్యామ్‌స్టర్ మాత్రం ఉండాలి! నవ్వకండి. పార్సిళ్ల ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా అడ్రసులు రాసి లేబుళ్లు అంటిస్తున్న మనిషిని నేను. ఊరికే మాట తూలే అలవాటు నాకు లేదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. హ్యామ్‌స్టర్ ఎలుకకు దూరపు చుట్టం. అందులో చైనా రకం సన్నగా, పొడుగ్గా, వీపు మీద నల్లటి చారతో ఉంటుంది. పంజరంలో పెంచుతారు. మా ఆఫీసుకు అది రావడానికి కారణం ఒక నిపుణుడు. ఉద్యోగుల ఒత్తిడి తగ్గించడం ఆయన వృత్తి. రెండు రోజులు మా మధ్య తిరిగి, పది సూచనలు రాసిచ్చి వెళ్లాడు. అందులో తొమ్మిది మనుషులకు సంబంధించినవి. పదోది, వీలైతే ఒక చిన్న పెంపుడు జంతువును తెచ్చుకోమని. మా మేనేజరు గారు ఏ కాగితమైనా కింది నుంచి పైకి చదువుతారు. పదో సూచన అమలు చేసేసరికి ఆయన అలిసిపోయారు.

మేనేజరును మేం పెద్దసారు అంటాం. కాబట్టి కొత్తగా వచ్చినవాడు చిన్నసారు అయ్యాడు. అతని పంజరాన్ని ముందు హాల్లో, తూకం కౌంటర్ పక్కన పెట్టారు.

తూకం కౌంటర్‌లో ఉండేది అక్కయ్య. నాకొక్కడికే కాదు, ఆఫీసులో అందరికీ అక్కయ్యే. యాభై మూడేళ్ల మనిషి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నిలబడి, జనం తెచ్చిన పెట్టెలను త్రాసు మీదికి ఎత్తుతుంది, దించుతుంది. మధ్యమధ్య నడుం మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుంటుంది. కూర్చోవడానికి ఒక కుర్చీ ఇప్పించమని మూడుసార్లు దరఖాస్తు పెట్టుకుంది. మూడూ నేనే రాసిపెట్టాను, వినయ విధేయతలు ఎక్కడా తగ్గకుండా. మూడింటికీ ఒకటే జవాబు వచ్చింది. కస్టమర్ల ముందు కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తుందట!

సరే, ఇక మన విషయానికి వద్దాం. చిన్నసారుకు ఏం పెట్టాలి, ఏ బొమ్మలు కొనాలి? దీనికి ఒక కమిటీ వేశారు. దస్తూరీ బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు.

మొదటి మీటింగులోనే పెద్దసారు కంప్యూటర్‌లో చూసి చదివి వినిపించారు. ఈ రకానికి చక్కెర జబ్బు తొందరగా పట్టుకుంటుంది. ఎండుద్రాక్ష పెట్టకూడదు. తేనె పూసిన గింజల కర్రలని షాపులో ముద్దుగా అమ్ముతారే, అవి అసలే కూడదు. కీరా ముక్క గోరంత పెట్టొచ్చు. ఉడికించిన గుడ్డులో తెల్లసొన చిటికెడు పెట్టొచ్చు. పొద్దుతిరుగుడు గింజలు ఒకటో రెండో, అదీ బుద్ధిగా ఉన్న రోజున. వింటూ ఉంటే నా కళ్లు చెమర్చాయి. ఒక ప్రాణి గురించి మా ఆఫీసు ఇంతగా ఆలోచించడం నా సర్వీసులో అదే మొదటిసారి.

ఈ తిండి వల్ల మాకు కలిగిన మేలు చెబుతాను, వినండి. గోరంత ముక్క కోశాక మిగిలిన కీరా ఎవరు తినాలి? చిటికెడు తీశాక మిగిలిన గుడ్డు ఏం కావాలి? కమిటీ ఆ భారం మోసింది. చక్కెర పొరపాటున పంజరంలో పడుతుందేమోనని పెద్దసారు డబ్బాను హాల్లోంచి తీయించేశారు. ప్యాకింగ్ చేసే టేపు బాబాయి తనకు షుగరుందనీ, టీలో ముందే చక్కెర కలపొద్దనీ ఎనిమిదేళ్లుగా మొత్తుకుంటున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు చప్పటి టీ దొరికింది. చిన్నసారు చలవ కాక ఇది మరేమిటి?

బొమ్మల దగ్గర మరో పాఠం నేర్చుకున్నాం. మొదట తెచ్చిన చక్రం చిన్నది. అందులో పరిగెడుతుంటే చిన్నసారు వీపు విల్లులా వంగింది. వీపు అలా వంగితే వెన్నెముక పాడవుతుందని ఎక్కడో రాసి ఉంది. పెద్దసారు ఆ దృశ్యం చూడలేకపోయారు. మూతి బిగించుకుని, బండి తీసి, స్వయంగా వెళ్లి, గంటలో పెద్ద చక్రం తెచ్చి బిగించారు. పక్కనే అక్కయ్య ఇరవై కిలోల పెట్టె దించుతూ, నడుం పట్టుకుని, ఆ చక్రం వైపు చూస్తూ నిలబడింది. ఇంకా చెక్క వంతెన వచ్చింది, నిచ్చెన వచ్చింది, స్నానానికి ఇసుక తొట్టె వచ్చింది. చిన్నసారు మాత్రం అయిపోయిన టేపు చుట్టలోని అట్ట గొట్టంలో దూరి నిద్రపోయేవాడు. పాపం, ఆశలు లేని మనిషి!

ఆ చక్రం తిరుగుతుండగా నా బుర్ర కూడా తిరిగింది. మనుషుల పేరుతో అడిగితే ఏళ్లు గడిచినా రానిది, హ్యామ్‌స్టర్ పేరుతో అడిగితే గంటలో వస్తుందన్నమాట. ఇక నా కలం ఆగలేదు.

'హ్యామ్‌స్టర్ నిమిత్తం' అని శీర్షిక పెట్టి, చిన్నసారుకు ఉక్క పడదని రాశాను. ఫ్యాను వచ్చింది. గాలి నేరుగా తగిలినా ప్రమాదమేనని రెండో పేరాలో రాశాను కాబట్టి, దాన్ని టేపు బాబాయి బల్ల వైపు తిప్పి పెట్టారు. పెద్ద గొంతులకు చిన్నసారు బెదురుతాడని రాశాను. కౌంటర్ మీద 'దయచేసి మెల్లగా మాట్లాడండి' అని బోర్డు వెలిసింది. పెట్టె ఆలస్యమైందని మమ్మల్ని చెడామడా తిట్టడానికి వచ్చినవాళ్లు ఆ బోర్డు చూసి గుసగుసగా తిట్టి వెళ్లేవాళ్లు. పగలు నిద్రపోయే జాతి అని రాశాను. భోజనం తర్వాత అరగంట షట్టరు దించడం మొదలైంది.

ఇంత సాధించినవాణ్ని, అక్కయ్యకు కుర్చీ సాధించలేనా? చిన్నసారుకు మనుషులు మచ్చిక కావాలంటే చేతిలో గింజ పెట్టుకుని, పంజరం ఎత్తుకు సరిగ్గా కూర్చుని, కదలకుండా ఉండాలని రాశాను. వీపుకు ఆనుకునే వీలున్న కుర్చీ అయితే చెయ్యి వణకదని కూడా కలిపాను. మధ్యాహ్నానికల్లా కుర్చీ వచ్చింది. మెత్తటి సీటు, ఎత్తు పెంచుకునే పిడి, వెనకాల చక్కటి ఆనుడు.

అక్కయ్య కూర్చుంది. కాళ్లు ముందుకు చాపి, చెప్పుల్లోంచి వేళ్లు బయటికి తీసి, ఒక్కొక్కటే కదిపి చూసుకుంది. ఆ సాయంత్రం చాలా ఏళ్ల తర్వాత ఇంట్లో తనే నిలబడి వంట చేసిందట, కోడలు ఆశ్చర్యపోయిందట. అలా పదకొండు రోజులు గడిచాయి. కౌంటర్‌లో కూర్చున్న ఆమెను చూసి ఒక్క కస్టమరు కూడా బద్ధకం అనలేదు. ఒకావిడైతే, ఇన్నాళ్లూ మీకు కుర్చీ ఎందుకు లేదని అడిగింది కూడా.

పన్నెండో రోజు పెద్దసారు మరో కొత్త విషయం చదివారు. పార్సిళ్ల దుమ్ము, జనం పూసుకొచ్చే సెంట్లు హ్యామ్‌స్టర్ ఊపిరికి మంచివి కావట. ఆయన మనసు విలవిల్లాడింది. చిన్నసారును తన ఏసీ గదిలోకి మార్పించారు. హ్యామ్‌స్టర్‌కు సంబంధించిన సామాను ఏదీ వదలకుండా తెమ్మన్నారు. సామాను లిస్టు ఎవరి దగ్గరుంది? కార్యదర్శి దగ్గర. అందమైన దస్తూరీతో, ప్రతి వస్తువు ఎదుట 'హ్యామ్‌స్టర్ నిమిత్తం' అని రాసి పెట్టింది ఎవరు? ఈ మహా మేధావే! పంజరం వెళ్లింది, చక్రం వెళ్లింది, ఫ్యాను వెళ్లింది, బోర్డు వెళ్లింది. చిన్నసారు హాల్లో లేడు కాబట్టి షట్టరు దించడమూ ఆగింది. చక్కెర డబ్బా యథాస్థానానికి చేరింది. కుర్చీని అక్కయ్యే తోసుకెళ్లి పెద్దసారు గదిలో పెట్టి వచ్చింది, గోడకు గీసుకోకుండా జాగ్రత్తగా తీసుకెళ్తుందని ఆమెకే చెప్పారు.

నాకు తల కొట్టేసినట్టయింది. చిన్నసారు కొత్త గదిలో దిగులు పడుతున్నాడనీ, మళ్లీ హాల్లోకి తేవాలనీ ఇంకో కాగితం గీకేస్తానని ఆమెతో అన్నాను.

"వద్దులే తమ్ముడూ," అంది అక్కయ్య. "ఈసారి నా పేరుతోనే రాయి. నాకు నడుం నొప్పి, నిలబడలేకపోతున్నాను అని రాయి. ఇంకేం కలపకు."

అలాగే రాశాను. ఇంత పెద్ద కాగితం మీద, పైన ఒక్క వాక్యం, దాని పక్కన ఆమె సంతకం. వినయ విధేయతలు లేకుండా నేను రాసిన మొదటి దరఖాస్తు అది. రాస్తున్నప్పుడు సిగ్గేసింది, నా మూడు పాత దరఖాస్తుల్లో ఈ వాక్యం ఎక్కడా లేదని గుర్తొచ్చి.

రెండు రోజులకు దరఖాస్తు తిరిగి వచ్చింది. పై ముక్క మాత్రమే వచ్చింది. హ్యామ్‌స్టర్ పడుకునే పక్కకు సిరా లేని తెల్ల కాగితమే వాడాలట. అంచేత పెద్దసారు, నేను రాసిన పై భాగాన్ని జాగ్రత్తగా చించి మాకు పంపించి, కింద ఖాళీగా ఉన్నదంతా సన్నగా పీలికలు చేసి చిన్నసారుకు పక్క వేశారు. అక్కయ్య ఆ ముక్కను చూసి, మడిచి, త్రాసు కింద పెట్టి, తర్వాతి పెట్టె ఎత్తింది. నాకు కోపం వచ్చింది. దాన్ని ఏ భాషలో రాయాలో మాత్రం తెలియలేదు.

పాఠకులు నన్ను మన్నించాలి. హ్యామ్‌స్టర్ తిండీ ఆటవస్తువులూ అని శీర్షిక పెట్టి, మిమ్మల్ని ఇంతదూరం లాక్కొచ్చాను. నిజానికి ఈ రచన మీకోసం కాదు. హ్యామ్‌స్టర్ల గురించి ఎక్కడ ఏ ముక్క అచ్చయినా వదలకుండా చదివే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు, ఆయన కోసం.

సార్, అక్కయ్యకు నడుం నొప్పి. నిలబడలేకపోతోంది. కుర్చీ మీ గదిలోనే, పంజరం పక్కన, ఖాళీగా ఉంది. ఈ కాగితానికి రెండు వైపులా సిరాయే సార్, పక్క వేయడానికి పనికిరాదు.