నూట పదిహేనో బొమ్మ

మా ఊరికి ఐదువేల ఏళ్ల చరిత్ర ఉందని సంస్కృతి శాఖ మంత్రిగారు రెండు నెలల కిందట ఒక సోమవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు టీవీలో ప్రకటించారు. పదకొండూ పంతొమ్మిది దాకా మాకు చరిత్ర లేదు. చలి ఉంది, మంచు ఉంది, బస్సెక్కినవాళ్లందరికీ కడుపులో తిప్పే మలుపుల రోడ్డు ఉంది.

"ఆ కొండ మీది బొమ్మల బండ జాతి సంపద. దాన్ని కంటికి రెప్పలా కాపాడటం నా వ్యక్తిగత బాధ్యత. పదో రోజున నేనే స్వయంగా వస్తున్నాను" అని మంత్రిగారు సెలవిచ్చారు. టీవీ ముందున్న మాకు ఒళ్లు పులకరించింది.

మునిసిపల్ ఆఫీసు ఎదురుగా నాకో జిరాక్స్ షాపు ఉంది. ప్రభుత్వం ఏ మంచి పని తలపెట్టినా దానికి మూడు కాపీలు కావాలి కాబట్టి ఊళ్లో అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. ఈ మహత్కార్యాన్ని పత్రిక పాఠకులకు వివరించే అర్హత నాకు ఆ విధంగా వచ్చింది. నా మెషీన్ డ్రమ్ము మీద ఎప్పటినుంచో ఒక గీటు ఉందని, ఏ కాపీ తీసినా ఎడమ పక్కన పైనుంచి కిందికి ఒక నల్ల గీత పడుతుందని కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను. ప్రభుత్వం ఇంతవరకూ అభ్యంతరం చెప్పలేదు.

బొమ్మల బండ అంటే ఊరి చివర, కొండ అంచున, రెండంతస్తుల ఇల్లంత నల్లరాయి. దాని మీద ఏనాటి మనుషులో కొండమేకల్ని, వేటగాళ్లని, చేతులు పట్టుకుని ఆడే ఆడవాళ్లని చెక్కి వెళ్లిపోయారు. మొత్తం నూట పద్నాలుగు బొమ్మలు. లెక్కపెట్టింది మా పెదనాన్న. బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్లు ప్రతి ఆదివారం బండ దగ్గరికి పోయి, ఒక్కో బొమ్మనీ కాగితం మీద దించుకున్నాడు. ప్రతి బొమ్మ పక్కనా పది గీతల కొలబద్ద, ఉత్తరం ఎటో చూపించే బాణం గుర్తు. బండ చుట్టూ కంచె వేసి, ఒక బోర్డు పెట్టమని ప్రభుత్వానికి ముప్ఫై ఒక్క దరఖాస్తులు పెట్టుకున్నాడు. అన్నీ నా షాపులోనే కాపీ తీయించాడు. ఆ బొమ్మల కాగితాల కాపీ సెట్టు ఒకటి నా దగ్గరే దాచాడు. "మాది చెక్క ఇల్లురా. ఏ నిప్పురవ్వో పడిందంటే ముప్ఫై ఏళ్లూ బూడిదే" అన్నాడు.

ప్రకటన విన్న రోజు పెదనాన్న షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, కళ్లజోడు తీసి రెండుసార్లు తుడుచుకున్నాడు.

"కంచె వస్తుందిరా."

"వస్తుంది పెదనాన్నా."

"బోర్డు కూడా పెడతారంటావా?"

"మంత్రిగారు వస్తుంటే బోర్డు లేకుండా ఎలా ఉంటుంది?"

ఆయన పసిపిల్లాడిలా నవ్వాడు. పెద్దమ్మ పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

మర్నాడే కమిషనర్‌గారు సర్క్యులర్ జారీ చేశారు. "మంత్రివర్యులు వచ్చు దారి పొడవునా గోడల మీద, రాళ్ల మీద గల అనధికార రాతలు, గీతలు, బొమ్మలు మూడు రోజులలో తొలగించి, నివేదిక సమర్పించవలెను." ప్రతిపక్షం వాళ్ల నినాదాలు, బట్టతల మందు ప్రకటనలు, ప్రేమికుల పేర్లు ఆయన మనసులో ఉన్నాయి. మూడు కాపీలు తీసిచ్చాను.

పని శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి పడింది. ఊళ్లో ఆయన్ని అందరూ నూరుశాతం అంటారు. ఏ పని అప్పగించినా నివేదికలో 'నూరుశాతం పూర్తి' అని రాస్తాడు. అలా ప్రతి ఉద్యోగీ రాస్తాడు గానీ, ఈయన నిజంగానే పూర్తిచేస్తాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

మూడో రోజు సాయంత్రం నివేదిక నా షాపుకొచ్చింది. 'గోడలు అరవై రెండు. కరెంటు స్తంభాలు నలభై. పెద్ద రాయి ఒకటి. సదరు రాయి మీద అనధికార బొమ్మలు నూట పద్నాలుగు. అన్నియు గ్రైండర్ మెషీన్‌తో తొలగించడమైనది. రాయి చుట్టూ ముళ్లపొదలు కూడా కొట్టివేయడమైనది. నూరుశాతం పూర్తి.'

కమిషనర్‌గారు అది చదివి నా స్టూలు మీద కూలబడ్డారు.

"ఏమయ్యా, ఆ బొమ్మలు చూడ్డానికే కదయ్యా మంత్రిగారు వస్తోంది!"

"సర్క్యులర్‌లో ఆ మాట లేదు సార్. బొమ్మలు అని ఉంది. అనధికార అని ఉంది."

"అవి ఐదువేల ఏళ్ల నాటివి!"

"అన్నేళ్లూ అనుమతి లేకుండానే ఉన్నాయి సార్" అన్నాడు నూరుశాతం, నొచ్చుకుంటూ.

తప్పెవరిదో తేల్చడానికి కమిషనర్‌గారు సర్క్యులర్‌ని మూడుసార్లు చదివారు. కింద ఆయన సంతకమే ఉంది. కాబట్టి తప్పేమీ జరగలేదని తేలింది.

పెదనాన్న బండ దగ్గరికి పోయి, నున్నగా తెల్లబడ్డ రాతి మీద అరచెయ్యి ఆనించి, చీకటి పడేదాకా అలాగే నిలబడ్డాడు. నేను వెనకాలే నిలబడ్డాను. ఈ వివరం పత్రికకు అనవసరం కాబట్టి ముందుకు పోతాను.

కమిషనర్‌గారు స్వయంగా పెదనాన్న ఇంటికెళ్లారు.

"మాస్టారూ, మీ కాగితాలిస్తే ఉన్నవి ఉన్నట్టు మళ్లీ చెక్కించేస్తాం."

"ఉన్నవాటిని చెరిపేశారు కదండీ."

"అదే, లేనివి ఉన్నట్టు చెక్కిస్తాం."

"ఇవ్వను. 'ఇక్కడ పాతకాలం బొమ్మలుండేవి, మేం పొరపాటున చెరిపేశాం' అని బోర్డు పెట్టండి. అది కూడా చరిత్రే."

"ప్రభుత్వ బోర్డు మీద 'పొరపాటు' అని రాసే పద్ధతి లేదండీ" అని కమిషనర్‌గారు ఎంతో మర్యాదగా చెప్పి, నేరుగా నా షాపుకొచ్చారు. "నీ దగ్గర ఒక సెట్టు ఉందటగా?"

నేను మొహమాటస్తుణ్ణి. పైగా షాపున్న జాగా మునిసిపాలిటీది. పెదనాన్న ఆ సెట్టు ఇచ్చింది ఇల్లు తగలబడితే వాడుకోమని. ఇల్లు తగలబడలేదు, కమిషనర్‌గారి కొంప మాత్రం మునిగేలా ఉంది. రెండూ ఇంచుమించు ఒకటేనని నాకు నేనే సర్దిచెప్పుకుని, సెట్టు తీసిచ్చాను.

చెక్కే పని శిలాఫలకాల మేస్త్రికి అప్పగించారు. మా ఊళ్లో ప్రారంభోత్సవం జరిగిన ప్రతి కట్టడం మీదా, కట్టడం పడిపోయిన చోట్ల నేల మీదా, ఆయన చెక్కిన ఫలకం కనిపిస్తుంది. ఆయనకి ఒకటే నియమం. కాగితం మీద ఏముంటే రాతి మీద అదే. ఒకప్పుడు బస్టాండు ఫలకానికిచ్చిన కాగితంలో అప్పటి మంత్రిగారి పేరు రెండుసార్లు ఉంటే, పొరపాటేమో అనుకుని ఒకసారే చెక్కాడు. పొరపాటు కాదట. ఏడాదిపాటు పని ఇవ్వలేదు. ఆ దెబ్బతో సొంత తెలివి వాడటం మానేశాడు.

బండ చుట్టూ టార్పాలిన్లు కట్టి, 'పరిరక్షణ పనులు జరుగుచున్నవి' అని రాసి, ఆరు రోజులు చెక్కారు. కొలబద్దలు చెక్కారు, బాణం గుర్తులు చెక్కారు. నా మెషీన్ నల్ల గీతని ప్రతి బొమ్మకీ ఎడమ పక్కన చెక్కారు. ఎనభై ఏడో బొమ్మ కాగితం మీద పెద్దమ్మ ఎప్పుడో పెట్టిన టీ గ్లాసు మరక ఉంది. గుండ్రంగా అదీ చెక్కారు. టార్పాలిన్లు విప్పాక కమిషనర్‌గారు వచ్చి చూశారు.

"ఈ గీతలేంటయ్యా?"

"కాగితంలో ఉన్నాయండి."

"ఇంత తెల్లగా, కొత్తగా కనపడుతున్నాయేం?"

"కొత్తవే కదండి. పాతబడటానికి ఎన్నాళ్లు టైమిస్తారు?"

"రేపు పదింటిదాకా."

మెకానిక్ షెడ్డు నుంచి రెండు డబ్బాల కాలిన ఇంజిన్ ఆయిల్ తెప్పించి పూశారు. మర్నాడు పదింటికల్లా ఐదువేల ఏళ్లు నిండాయి.

మంత్రిగారు పదకొండు కార్లతో వచ్చారు. వెంట రాజధాని నుంచి ప్రాచీన శిల్పాల ప్రొఫెసర్‌గారు. కరపత్రాలు పంచే పని నాది కాబట్టి ముందు వరసలోనే ఉన్నాను. తాడు అవతల జనంలో పెదనాన్న నిలబడ్డాడు.

"ఏదో వాసనొస్తోందే" అన్నారు మంత్రిగారు.

"ప్రాచీనత సార్" అన్నారు ప్రొఫెసర్‌గారు.

"ఈ మేక పక్కన పది గీతలేమిటి?"

ప్రొఫెసర్‌గారు భూతద్దం పెట్టి చూశారు. "అన్నీ సమాన దూరంలో ఉన్నాయి సార్. అంటే..."

"అంటే ఐదువేల ఏళ్ల కిందటే మనవాళ్లకి సెంటీమీటర్లు తెలుసు!"

"సరిగ్గా అదే చెప్పబోతున్నాను సార్. ఈ బాణం దిక్సూచి. ఉత్తరం చూపిస్తోంది."

కుర్చీలేసే పనిలో ఉన్న నూరుశాతం ఫోనులో చూసి, "సార్, అది తూర్పండి" అన్నాడు.

"అప్పట్లో ఉత్తరం అక్కడుండేది" అన్నారు ప్రొఫెసర్‌గారు, తడుముకోకుండా.

"మరి ఎడమ పక్కన ఈ పొడుగు గీత?"

"ప్రతి బొమ్మకీ ఉంది సార్. ఎక్కడా తెగలేదు. ఇది జాతి సమైక్యత."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. కెమెరావాడు దగ్గరికి రావడానికి వీలుగా ఆ చెమ్మని కాసేపు అలాగే ఉంచారు. తర్వాత ఎనభై ఏడో బొమ్మ దగ్గరికి వచ్చారు.

"ఈ గుండ్రం సూర్యుడు సార్. అంచున ఒకచోట కారినట్టుంది చూశారా? గ్రహణం. అద్భుతం!"

"అది మా ఆవిడ టీ గ్లాసు మరకండీ."

అందరూ వెనక్కి తిరిగారు. పెదనాన్న తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇరవై రెండేళ్ల కిందట నా కాగితం మీద పెట్టింది. నేను కసిరాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అది సూర్యుడు కాదండీ. ఇవేవీ అవి కావు."

"ఎవరీ పెద్దాయన?" అన్నారు మంత్రిగారు.

"మా మాస్టారు సార్. ఈ బొమ్మల్ని మొట్టమొదట లెక్కపెట్టింది ఆయనే" అన్నారు కమిషనర్‌గారు, చెమట తుడుచుకుంటూ.

మంత్రిగారు తాడు దాటి వెళ్లి పెదనాన్నని గట్టిగా కావిలించుకున్నారు. "చూశారా! ఇల్లాలి టీ గ్లాసులో కూడా సూర్యుణ్ణి చూసుకున్న మనిషి! ఇలాంటివాళ్లవల్లే మన సంస్కృతి బతికుంది!" చప్పట్లు ఆగలేదు. నేనూ కొట్టాను. పెదనాన్న మంత్రిగారి భుజం మీదుగా నన్ను చూశాడు. ఆ మరక ఉన్న కాపీ ఊరంతటికీ ఒకటే ఉందని ఆయనకి తెలుసు. నేను కరపత్రాలు సర్దుకున్నాను.

ఆయన నాతో మాట్లాడడనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే ఆయనే వచ్చి నా చెయ్యి పట్టుకుని బండ వెనక్కి లాక్కుపోయాడు. గ్రైండర్‌కి దారికోసం నూరుశాతం ముళ్లపొదలు కొట్టించాడు కదా, అక్కడ రాయి కింద వంపులో, మోకాళ్ల మీద వంగితే తప్ప కనపడనిచోట, అరచెయ్యంత బొమ్మ ఉంది. ఒక తల్లిమేక వెనక్కి తిరిగి చూస్తోంది. వెనకాల దాని పిల్ల, ఇంకా సరిగా నిలబడలేని కాళ్లతో.

"ముప్ఫై ఏళ్లు దీని పక్కనుంచే నడిచానురా. పొదల్లో ఉండిపోయింది. ఇది అసలుది. ఇదొక్కటే మిగిలింది" అన్నాడు. "నీకు చెప్పకూడదనే అనుకున్నా. కానీ చెప్పుకోడానికి నాకింకెవరున్నార్రా?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నిలబెట్టుకున్నాను కూడా.

నెల తిరక్కుండా కంచె వచ్చింది. గేటుకి తాళం వచ్చింది. బోర్డూ వచ్చింది. 'రక్షిత సంపద. మొత్తం బొమ్మలు నూట పద్నాలుగు. తాకరాదు. గీయరాదు. అనుమతి లేనిదే నకలు తీయరాదు.' నా సేవలకు గుర్తింపుగా నా షాపుని అధీకృత నకళ్ల కేంద్రం చేశారు. ఆ బోర్డు పెద్దది. షాపు దాని వెనకాల ఉంటుంది.

నెలవారీ తనిఖీ కూడా నూరుశాతానికే పడింది. ఇంకొకరైతే గేటు దగ్గరే నిలబడి నూట పద్నాలుగు అని రాసేసేవాడు. ఈయన మోకాళ్ల మీద పాకుతూ లెక్కపెట్టాడు. నూట పదిహేను వచ్చాయి.

"రిజిస్టర్‌లో నూట పద్నాలుగే ఉన్నాయి సార్. బండ మీద ఒకటి ఎక్కువుంది."

"రిజిస్టర్ మీద మంత్రిగారి సంతకముంది. కాబట్టి బండే తప్పు" అన్నారు కమిషనర్‌గారు. అయినా నిపుణుల సలహా లేకుండా ముందుకు పోయే మనిషి కాదు. ప్రొఫెసర్‌గారికి ఫోను చేశారు. నన్ను సాక్షిగా పిలిచారు కాబట్టి పక్కనే ఉండి విన్నాను.

"పక్కన పది గీతలున్నాయా?"

"లేవు సార్."

"దిక్సూచి?"

"లేదు సార్."

"ఎడమ పక్కన సమైక్యత గీత?"

"అదీ లేదు సార్."

"అయితే నకిలీ. ఎవరో ఆకతాయి ఈమధ్య చెక్కాడు. వెంటనే తీయించండి."

తీయించారు. గ్రైండర్‌కి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పెదనాన్న కంచె అవతల నిలబడి, రెండు చేతులతో ఇనుప తీగ పట్టుకుని చూస్తున్నాడు. కంచె గట్టిగా ఉంది, ఏ మాత్రం కదల్లేదు. 'నూరుశాతం పూర్తి' అన్న వాక్యం కింద సాక్షి సంతకం నాది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను, కానీ అప్పటికే కలం చేతిలో పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం పెదనాన్న షాపుకొచ్చాడు. సంచిలోంచి ఒక కాగితం తీశాడు. వెనక్కి తిరిగి చూసే తల్లిమేక, కాళ్లు తడబడే పిల్ల. కనపడ్డ రోజే దించుకున్నాడట. ఈసారి కొలబద్ద లేదు, బాణం లేదు.

"ఒక్క కాపీ తియ్యరా. మాది చెక్క ఇల్లు."

నకలు తీయదగ్గ నూట పద్నాలుగు బొమ్మలతో శాఖవాళ్లు గోడకి అంటించిన జాబితా చూశాను. చూడక్కర్లేదు, అయినా చూశాను.

"ఇది లిస్టులో లేదు పెదనాన్నా. లిస్టులో లేని బొమ్మకి అనుమతి కావాలి."

"ఎవరి అనుమతి?"

"సంస్కృతి శాఖది. ఫారం మన దగ్గరే దొరుకుతుంది."

ఒకటి తీసిచ్చాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని, బల్ల మీద వంగి ఓపిగ్గా నింపడం మొదలుపెట్టాడు. ముప్ఫై రెండో దరఖాస్తు. ఫారం చివర, సంతకానికి పైన, 'బొమ్మ నకళ్లు మూడు జతపరచవలెను' అని ఉంటుంది.

ఆయన ఇంకా అక్కడిదాకా రాలేదు.