ఆట కట్టని అపరాధులు

“ఈ భూమ్మీద మెదళ్లు రెండే రకాలు, ఎర్మెక్! ఒకటి నాది. రెండోది మిగతావాళ్లంతా పంచుకుంటున్నది!” అని ప్రకటించాడు సుయున్‌బెక్. అప్పటికి వాడి గడ్డం మీద అష్లాన్‌ఫూ పులుసులోని నూడిల్ ఒకటి వేలాడుతోంది.

వాడి వృత్తి కట్టుడు పళ్లు చెయ్యడం. ప్రవృత్తి అపరాధ పరిశోధన. నా ఖర్మకొద్దీ చిన్ననాటి స్నేహితుడు.

సంగతేమిటంటే, మా కరకోల్ ఊరి ఆన్‌లైన్ చదరంగం క్లబ్బులో ఉన్నది తొమ్మిదిమంది. క్లబ్బుల మధ్య పోటీకి పదిమంది కావాలి, ఏ ఊరివాళ్లైనా సరే. పేర్లివ్వడానికి గడువు ఈ సాయంత్రం ఆరింటికి. ఆ పోటీ కోసం మూడేళ్లుగా కలలు కంటున్నవాణ్ణి నేను. ఈ నెలలో నలభైమంది కొత్తవాళ్లు వచ్చారు. ‘రండి, రండి, మీ ఇల్లే అనుకోండి’ అని అందరికీ రాసి రాసి నా వేళ్లు అరిగిపోయాయి. వెంటనే సుయున్‌బెక్ స్వహస్తాలతో రాసిన నియమాలూ పంపాం. ఒక్క ఆట ఆడటం, మాయమైపోవడం! నాకు ఏడుపొక్కటే తక్కువ.

“ఇది మనతో పోటీపడే బలిక్చీ క్లబ్బువాళ్ల కుట్ర!” సుయున్‌బెక్ పళ్లు చూసే భూతద్దం బయటికి తీశాడు. “ఆ ఆటలు చూశావా? ఒక్కడూ గెలిచే ఆట గెలవడు. రాజును మూలకు తోస్తాడు, వదిలేస్తాడు, మళ్లీ తోస్తాడు. చివరికి డ్రా! ఎందుకు?”

“ఎందుకు?”

“మనల్ని నవ్వులపాలు చెయ్యడానికి! రక్తం గడ్డకట్టే పథకం! వాళ్ల ఆట కట్టిస్తాను చూడు!”

“ఆటలు తర్వాత కట్టిద్దువుగానీ, ముందు పదో మనిషిని చూడరా బాబూ. అయిదున్నరయింది!”

అంతలో తెర మీద కొత్త పేరు వెలిగింది. సల్కిన్, నరీన్ నుంచి. గొంతు వింటే డెబ్బై దాటిన పెద్దావిడ. సుయున్‌బెక్ నన్ను పక్కకు తోసి తనే ఆటలో దిగాడు. మైకులో విచారణ కూడా మొదలుపెట్టాడు.

“పెద్దమ్మా, బలిక్చీలో మీకు చుట్టాలున్నారా?”

“మా చిన్న కోడలిది ఆ ఊరే, నాయనా.”

“విన్నావా!” అని నా చెవిలో బుసకొట్టాడు.

ఇరవై నిమిషాల్లో పెద్దమ్మ వాడి సైన్యాన్ని ఊడ్చిపారేసింది. వాడి రాజు ఒంటరి. ఆవిడకు మంత్రి, రెండు ఏనుగులు. ఒక్క ఎత్తులో అయిపోవాలి. ఆవిడ మంత్రిని పక్కకు జరిపింది. మళ్లీ జరిపింది. మళ్లీ!

“ఒప్పేసుకోండి! మిమ్మల్ని ఎవరు పంపారు?” అంటూ సుయున్‌బెక్ బల్ల గుద్దాడు. బల్ల మీది వేడి టీ వాడి ఒళ్లోకి దూకింది. అప్పుడు వాడి నోటి నుంచి వెలువడినదాన్ని ఇక్కడ రాయడానికి వీల్లేదు.



“ఛీఛీ, అవేం మాటలు నాయనా! నోరు కడుక్కో... ఆగాగు! మీరు ‘మాత్ నిషిద్ధం’ అని రాసింది ఈ తిట్ల గురించా?”

“మరి మీరేమనుకున్నారు?” అన్నాను నేను.

“ఆటకట్టు అనుకున్నాను! మాత్ చేస్తే గెంటేస్తామని అంతంత అక్షరాల్లో రాశారాయె! ఈ రాజును చంపకుండా తిప్పలేక నా ప్రాణం పోతోంది!”

మా వైపు మాత్ అంటే ఆటకట్టూ అదే, బూతూ అదే. నలభైమంది! నేను సుయున్‌బెక్ వైపు చూశాను. వాడు గోడ వైపు చూశాడు.

“కట్టేయండి పెద్దమ్మా! కసిదీరా కట్టేయండి!” అన్నాను నేను.

టక్కున కట్టేసింది. “ఇలాగైతే రోజూ వస్తాను,” అంది. ఆరింటికి అయిదు నిమిషాలుందనగా పదో పేరు చేర్చి పంపేశాను. పట్టలేని ఆనందంతో సుయున్‌బెక్‌నే కౌగిలించుకున్నాను, ఒంటిమీది టీతో సహా.

“టీ నేను కావాలనే ఒలకబోసుకున్నాన్రా,” అన్నాడు వాడు. “నియమం కూడా ఇప్పుడే దిద్దేశాను. ఇక ఎవరూ పొరబడరు.”

దాన్ని నేను చదివేలోపే ఓ ట్రాక్టరు డ్రైవరు వచ్చి చేరాడు. “అందరికీ నమస్కారం. నియమం చదివానండీ,” అని వినయంగా చెప్పి, గొంతు సవరించుకుని, మా తాతముత్తాతలను వరసపెట్టి తిట్టడం మొదలుపెట్టాడు.

నియమాల దాకా తెర పైకి జరిపాను. ‘నిషిద్ధం’ కొట్టేసి ఉంది. దాని స్థానంలో సుయున్‌బెక్ రాశాడు: ‘మాత్ తప్పనిసరి.’