కార్డు మీది పసుపు మరక

ఆ పట్నంలో పాత ఆటగాడి బొమ్మకార్డును బాగుచేస్తే, కార్డులోని బొమ్మతో పాటు అసలు మనిషి కూడా బాగయ్యేవాడు. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకునేవారు కాదు. ఆసుపత్రిలో చీటీ రాయించుకునే చోట కూడా, "కార్డుందా? ముందు అది చూపించండి" అనేవారు.

హైమ వాళ్ళ నాన్న పోలినాయుడికి ఒక కార్డుంది. వయసులో ఉన్నప్పుడు ఆయన జిల్లా కబడ్డీ జట్టులో కూతకు వెళ్ళేవాడు. ఆ రోజుల్లో నిమ్మతొనల మిఠాయి పొట్లంలో ఆటగాళ్ళ కార్డులు పెట్టేవారు. హైమ వాళ్ళమ్మ మంగమ్మ, అప్పటికింకా పెళ్ళికాని పిల్ల, ఆయన బొమ్మ కోసం నాలుక పొక్కేదాకా నిమ్మతొనలు తింది. చివరికి అది దొరికిన రోజు పసుపు దంచుతున్న చేత్తోనే పొట్లం విప్పింది. కార్డులో పోలినాయుడి చెంప మీద ఆమె బొటనవేలు పచ్చగా పడింది. పెళ్ళయ్యాక కార్డు పోపులపెట్టె అడుగున ఉండిపోయింది. ఎప్పుడో మోకాలి దగ్గర మడత పడింది. ఆయన అప్పట్నుంచీ కుంటుతున్నాడు.

హైమ చదివే బడి వార్షికోత్సవానికి పోలినాయుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన కుంటి నడకను క్లాసులో పిల్లలు ముందే అనుకరించి చూపిస్తుంటే హైమ తల దించుకుని కూర్చుంది. ఇంటికొచ్చి కార్డు మీద తడిగుడ్డ వేసి, మెల్లగా ఇస్త్రీ చేసింది. మడత పోయింది.

పోలినాయుడు మంచం మీంచి ఒక్క ఉదుటున లేచాడు. "ఒసే మంగా, చూసావా! పరిగెత్తమన్నా పరిగెత్తేస్తాను!"

"ఈ వయసులో ఎవరెనకాల పరిగెడతావేటి?" అంది మంగమ్మ.

హైమ అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ బాగుచేసిన మనిషి సభలో వేదిక ఎక్కాలంటే కార్డు మీద తనిఖీ ముద్ర ఉండాలి. తనిఖీ కార్యాలయంలో అధికారి భూతద్దం పెట్టి చూశాడు.

"మడత చక్కగా తీశావమ్మా. మరి ఈ మురికి?"

"మురికి కాదండీ. మా అమ్మ వేలు."

"బొమ్మ అచ్చయ్యాక చేరింది ఏదైనా మురికే. రూలది. తీసేసి పట్రా, ముద్ర వేస్తాను."

అధికారితో వాదించే నోరు హైమకు లేదు. పసుపు ఎండకు పోతుందని తెలుసు కాబట్టి, కార్డును పిట్టగోడ మీద పెట్టింది. సాయంత్రానికి చెంప తెల్లబడింది.

వీధిలోంచి వచ్చిన పోలినాయుడు గడప బయటే ఆగిపోయాడు. "ఏమండీ, కాసిని మంచినీళ్ళిప్పిస్తారా?" అన్నాడు మంగమ్మతో.

"ఏటీ ఏషాలు!" అని ఆమె పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. నీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా అరుగు మీద పెట్టి, "చాలా థాంక్సండీ" అన్నాడు. మంగమ్మ నవ్వు ఆగిపోయింది.

మర్నాడు ఆఫీసు తెరవకముందే హైమ వెళ్ళి నిలబడింది. "మళ్ళీ పసుపు పెట్టుకోవచ్చాండీ?"

"ఉన్నది తీస్తే మరమ్మతు. లేనిది పెడితే కల్తీ."

"ముందు ఉన్నదేనండీ."

"ఇప్పుడు లేదు కదమ్మా" అని అధికారి జాలిగా చూసి, ముద్ర వేసి ఇచ్చాడు.

అయినా మంగమ్మ ఇంట్లో తలుపు వేసుకుని, బొటనవేలు పసుపులో అద్ది కార్డు మీద నొక్కింది. ఇన్నేళ్ళ చాకిరీకి వేలు బండబారింది. కత్తిపీట గాట్లతో నిండిపోయింది. మరక పాతచోట కుదరలేదు. అరుగు మీద కూర్చున్న పోలినాయుడు చెంప గోక్కుని, "ఏదో మంటగా ఉందండీ" అని సబ్బు అడిగి కడుక్కున్నాడు. కార్డు మీద కూడా ఏమీ మిగల్లేదు.

వార్షికోత్సవం రోజున ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వేదిక మీదికొచ్చాడు. అనుకరించిన పిల్లలే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. "ఏ మచ్చా లేని ఆటగాడు!" అన్నారు హెడ్మాస్టరు. మంగమ్మ పట్టుచీర కట్టుకుని ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుని, అందరూ కొట్టినప్పుడల్లా తనూ కొట్టింది.

దండ వెయ్యడానికి హైమను పిలిచారు. మంగమ్మే తెలియని మనిషికి మంగమ్మ కూతురు ఎలా తెలుస్తుంది? ఆయన మెడ వంచి దండ వేయించుకుని, ఆప్యాయంగా అడిగాడు.

"ఎవరి పాపవమ్మా నువ్వు?"

"మంగమ్మగారి అమ్మాయినండీ."

"ఆవిడా! మొన్న మంచినీళ్ళిచ్చారు, మంచావిడ. మీ నాన్నగారు రాలేదా?"

మైకు పక్కనే ఉంది. హైమ గొంతు తగ్గించింది.

"వచ్చారండీ. కాలు బాగైపోయింది."